వెనక బరువు

డాండెనాంగ్ సౌత్, జూలై, ఉదయం ఏడు.
డ్రాగో యార్డులో వరసగా ఫోర్క్‌లిఫ్టులు,
సంతలో కొమ్ములకు రంగేసిన ఎడ్లలా.
జెస్సీరాణి సుళ్లు చూసినట్టు చుట్టూ తిరిగింది.
టైరుని తన్నింది. నూనె మరకని బూటుతో గీకింది.
గంటల మీటరు మీది మంచు తుడిచి
"పదకొండు వేల గంటలు" అంది,
"నాకంటే సర్వీసు ఎక్కువ."

మా సరుకు రాయి.
చీమకుర్తి నల్లరాయి, లోపల బంగారు నలుసులు.
మెల్‌బోర్న్ వంటింటి గట్ల మీద
ఎవరో టోస్టు పొడి దులుపుకునే ఆకాశం.
పలక ఒకటి మూడువందల కిలోలు,
ఆరు పలకల కట్ట రెండు టన్నులకి కాస్త తక్కువ.
"రెండున్నర టన్నుల బండి చాలుగా?" అన్నాను.
లెక్కల్లో నాకెప్పుడూ ఫస్టు మార్కే.

డ్రాగో నవ్వలేదు.
మూలనున్న చీపురు తెచ్చి పిడి చివర పట్టుకోమన్నాడు.
అటు కొసకి తన టీ ఫ్లాస్కు తగిలించాడు.
మణికట్టు వంగిపోయింది.
ఫ్లాస్కుని నా దగ్గరికి జరిపాడు.
అదే ఫ్లాస్కు, అదే టీ, అదే చెయ్యి.
ఏమీ కాలేదు.
రాయి వేలాడదీసే బూమ్ తగిలిస్తే
బండి చెయ్యి బారెడు సాగుతుందట,
సాగిన చేతికి రెండున్నర ఒకటింపావేనట.

ఆ సంగతంతా స్టీరింగు పక్కన రేకు మీద కొట్టి ఉంది.
ఎత్తుకి పోయేకొద్దీ నా బలం ఇంతే, ఇంతే, ఇంతే అని.
ఇంత ఒప్పుకోలుగా రాసి తగిలించుకున్నవాణ్ణి
మనుషుల్లో నేను చూళ్లేదు.

వెనక్కి వెళ్లాను.
సీటు వెనక పోతపోసిన ఇనుప దిమ్మ.
ఏ పనీ చెయ్యదు. ఉంటుంది, అంతే.
ఏతాం కొసకి కట్టిన రాయి గుర్తొచ్చింది.
నీళ్లు తెచ్చింది బాన అనుకుంటాం.

మాతో వచ్చిన సియోనె అప్పటిదాకా నోరు విప్పలేదు.
నడిపేది అతను. మేం సంతకాలు పెట్టేవాళ్లం.
ఒక్కో బండీ ఎక్కాడు.
దేన్నీ పైకెత్తలేదు, ముందుకి పోనివ్వలేదు,
ప్రతిదాన్నీ వెనక్కే నడిపాడు.
"ముందు రాయి ఉంటే దారి కనపడదు.
రోజంతా నాది వెనకనడకే" అని
మెడ తిప్పి చూపించాడు.
యాభై ఆరేళ్ల మెడ
తుప్పు పట్టిన కుళాయిలా సగంలో ఆగింది.

చివరి వరసలో పెచ్చులూడిన ఆకుపచ్చది, నాలుగు టన్నులది.
సీటు కాస్త పక్కకి తిరుగుతుంది.
వెనక కమ్మీకి ఒక పిడి, పిడి మీదే హారను.
పిడి రబ్బరు నాలుగు వేళ్ల మేర అరిగి ఉంది.
పదేళ్లు వెనక్కి చూస్తూ బతికిన ఎవరిదో చెయ్యి.
సియోనె ఆ గుంటల్లో తన వేళ్లు పెట్టాడు.
హారను ఒకసారి కొట్టాడు.

"పసుపుదానికంటే ఆరు వేలు ఎక్కువ"
జెస్సీరాణి తెలుగులో గొణిగింది.
సియోనెకి తెలుగు రాదు.
అయినా దిగి, టైరు గాట్లలో ఇరుక్కున్న కంకర
తాళంచెవితో తీస్తూ కూర్చున్నాడు,
మావైపు చూడకుండా.

మా షెడ్డు ముందు కంకర వాలు. దీనికి గాలి టైర్లున్నాయి.
గ్యాసుదా కరెంటుదా అని రాత్రి రెండింటిదాకా కొట్టుకున్నాం,
ఇది గ్యాసుది, తలుపులు తీసే ఉంచాలి, చలి మాకే.
"తలుపు ఎత్తెంత?" అన్నాడు డ్రాగో.
"రెండు మీటర్ల ముప్పై."
"మాస్టు రెండూ ఇరవయ్యేడు."
జెస్సీరాణి రెండు వేళ్లు గాల్లో పెట్టి
ఆ సందుని చాలాసేపు చూసింది.
తర్వాత బ్యాగులోంచి చెక్కుబుక్కు తీసింది.

గురువారం సియోనె మొదటి కట్ట ఎత్తాడు.
గొలుసు బిగిసింది, వెనక చక్రాలు నేలని వదల్లేదు.
వాలు మీదికి రాగానే ఎండ తగిలి
రాయిలోని నలుసులన్నీ ఒక్కసారి వెలిగాయి.
అతను చూళ్లేదు. వెనక్కి చూస్తున్నాడు.

డ్రాగో చీపురు ఎలా వచ్చిందో మా డిక్కీలో ఉంది.
తిరిగిచ్చి రావాలి.